కొండెక్కడానికి సిలబస్

ఆ రోజుల్లో సిలబస్ లేకుండా ఏ పనీ మొదలుపెట్టే అలవాటు మాకు లేదు. దేశ రాజధానిలో, బేర్ సరాయ్‌లో మూడో అంతస్తు గదిలో సివిల్స్‌కి చదువుకునే నేనూ, అదే పరీక్షకి నాలుగోసారి కూర్చుంటున్నందుకు అందరూ గురువుగారని పిలిచే నా రూమ్మేటూ ఉండేవాళ్లం. అలాంటి మా చేతికి, వసంత్ కుంజ్‌లో ఉండే మా అక్క తన సెలవుల్ని అప్పగించింది. అక్క స్కూలు టీచరు. పెళ్లైన పదేళ్లలో ప్రతి సెలవూ అత్తవారి వంటింట్లోనే అయిపోయింది. ఆ ఏడు బావా, పిల్లా మాత్రమే ఊరెళ్తుండటంతో జూన్‌లో ఒక వారం అచ్చంగా ఆమెదే. "హిమాచల్‌లో కొత్తవాళ్లు కూడా ఎక్కే కొండలున్నాయట. చివర్లో బండలు పట్టుకుని పాకాలటరా. నాకు పాకాలనుంది" అంది. ఆ మొహంలో వెలుగు చూసి నాకూ ఉత్సాహం పొంగింది. "ముగ్గురం వెళ్దాం. ప్లాను నాకొదిలెయ్" అన్నాను.

ఇక చూడాలి మా హడావిడి. "బేసిక్స్ నుంచి వెళ్దాం" అంటూ గురువుగారు హిమాలయాల పుట్టుకతో మొదలుపెట్టారు. (బూట్ల ప్రస్తావన వచ్చేసరికి నాలుగు రోజులైంది.) వెళ్లొచ్చినవాళ్ల అనుభవాలన్నీ పాత ప్రశ్నపత్రాల్లా జల్లెడ పట్టి, "కాలి బొబ్బలు ప్రతి ఏడూ వస్తున్నాయి, ఇంపార్టెంట్" అని ఎర్ర సిరాతో కింద గీతలు గీశాం. పొద్దున్నే వసంత్ కుంజ్ పక్క రాళ్లగుట్టల మీద ప్రాక్టికల్స్. వీపున బరువుకి చరిత్ర పుస్తకాలు. అక్క చున్నీ నడుముకి బిగించి గబగబా ఎక్కేసేది. నేనేమో ఏ చెయ్యి ముందు, ఏ కాలు వెనక అని రూలు గుర్తుచేసుకుంటూ మధ్యలో బల్లిలా అతుక్కుపోయేవాణ్ని. ఆఖరికి మాక్ ఇంటర్వ్యూ కూడా పెట్టాం.

"బాగా ఎత్తు మీదికి వెళ్లాక తల తిరిగితే ఏం చేస్తారు?" అని అడిగారు గురువుగారు.

"దిగిపోతానండి" అంది అక్క.

"జవాబు కరెక్టే గానీ, ఇంట్రడక్షన్ లేదు" అని మార్కులు తగ్గించారు.

బయల్దేరడానికి మూడు రోజుల ముందు, మా అరవై పేజీల నోట్సు తిరగేస్తూ అక్క నెమ్మదిగా అడిగింది. "ఇంతకీ ట్రెక్కులో మన సీట్లు ఎవరు బుక్ చేశార్రా?"

నేను గురువుగారి వైపు చూశాను. ఆయన ఫ్యాను వైపు చూశారు. సిలబస్ పూర్తికాకుండా ఎలా బుక్ చేస్తామన్నది మా ఇద్దరి లోపలి మాట. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు చచ్చిపోవాలనిపించింది. ఆమె అప్పటికప్పుడే ట్రెక్కు నడిపేవాళ్లకి ఫోను కలిపింది. "దీదీ, ఏక్ హీ సీట్ హై" అన్నారు అవతల్నుంచి, మిగిలింది ఒక్క సీటేనని. అక్క ఒక్క క్షణం నా మొహం చూసింది.

"ఠీక్ హై భయ్యా, రాసుకోండి" అని హిందీ, తెలుగూ కలిపి చెప్పేసింది.

ఒక్కతే వెళ్లింది. మోచేతులు గీరుకుపోయి, ముక్కు ఎండకి కమిలిపోయి, మేమెన్నడూ చూడనంత ఆనందంగా తిరిగొచ్చింది. మా నోట్సు సంగతేంటని అడిగితే, కొండ కింద గుడారంలో ఈదురుగాలికి అడ్డం పెట్టానంది.

ఇప్పుడు గుర్‌గావ్‌లో ఉద్యోగం చేస్తూ, ఎక్కడికైనా వెళ్దామంటే ముందు ఎక్సెల్ తెరిచి, అందులోనే ఉండిపోతాను. మొన్న అక్క ఫోన్ చేసింది. "శుక్రవారం బయల్దేరుతున్నాం. నీకూ సీటు తీశాను. ఈలోగా నువ్వేం చదవకు."


చదవలేదు. ఒట్టు. బూట్లు మాత్రం కొన్నాను.