క్లచ్ మీద కాలు

ఆ వీధిలో ఆయన్ని అందరూ కాన్వాయ్ గారు అనేవారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ అది కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడేది కాదు. పటాలంలో పదకొండేళ్ళు, ఆ తరువాత నీళ్ళ పంపుహౌసులో ఇరవయ్యెనిమిదేళ్ళు పనిచేసి ఇంటికొచ్చి కూర్చున్నాడు. పంపుహౌసులో ఆయన పనల్లా గంటకోసారి మీటరు ముల్లు ఎక్కడుందో చూసి పుస్తకంలో రాయడం. ఆ ఇరవయ్యెనిమిదేళ్ళ గురించి ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పడానికేముంది, ముల్లు ఉండాల్సిన చోటే ఉండేది. ఆయన చెప్పిందల్లా పటాలంలో ఒక్కరోజు గురించే.

ఆ రోజు కొండచరియ విరిగిపడి రోడ్డు సగం లోయలోకి పోయింది. దెబ్బలు తగిలిన పద్నాలుగు మంది జవాన్లను లారీలో వేసుకుని, నలభై మైళ్ళ దిగుడు, వానలో, ఒక చక్రం రోడ్డు మీదా ఒక చక్రం గాలిలోనూ పెట్టి కిందికి దింపాడట. ఈ సంగతి టైలరు దుకాణంలో చెక్కబల్ల మీద కూర్చుని ఆయన ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ రోడ్డు ఒక జానెడు సన్నబడేది. కిందటేడాదికి లారీ కన్నా రోడ్డే సన్నమైపోయింది. టైలరు మాత్రం మిషను తొక్కడం ఆపి మరీ వినేవాడు.

అంత లారీ నడిపిన మనిషి మోటారు సైకిలు ఎక్కగా కూడా ఎవరూ చూడలేదు. ఒకసారి బావమరిది కొత్త వ్యాను కొనుక్కుని, బావగారూ మీ చేత్తో మొదట ఒక చుట్టు తిప్పండి అని తాళాలు చేతిలో పెట్టాడు. పెద్ద బండి నడిపిన చేతికి చిన్న బండి లొంగదని చెప్పి ఈయన తాళాలు తిరిగిచ్చేశాడు. అందరూ అవును కాబోలు అనుకున్నారు. మగవాడు గట్టిగా చెబితే ఎంతటి మాటకైనా నలుగురు తల ఊపేవాళ్ళు దొరుకుతారు.

వాళ్ళావిడ కూడా ఊపింది. ఆమెను ఆయన పటాలం నుంచి వచ్చేశాకే చేసుకున్నాడు కనుక ఆ రోజు గురించి ఆమెకు తెలిసింది కూడా ఆయన చెప్పిందే. పైగా ఆ లారీ ఆమెకూ అక్కరకొచ్చింది. వదినలిద్దరూ తమ మొగుళ్ళ ఉద్యోగాల గురించీ, ఆ ఉద్యోగాలిచ్చిన బంగళాల గురించీ మొదలుపెట్టినప్పుడు ఆమె చెంగు సర్దుకుని, మా ఆయనకు బంగళా లేదు గానీ పద్నాలుగు ప్రాణాలు చేతి మీద మోసుకొచ్చాడు అనేది. వదినలు కాఫీ కప్పుల్లోకి చూసుకునేవారు. ముప్పయ్యేళ్ళు ఆ లారీ ఆమెను ఎన్ని పెళ్ళిళ్ళకు తలెత్తుకుని తీసుకెళ్ళిందో ఆమెకే తెలుసు.

మాజీ సైనికుల సంఘం వాళ్ళు కొత్త హాలు కట్టుకున్నారు. గుమ్మంలోనే ఒక అద్దాల పెట్టె పెట్టించారు గానీ అందులో పెట్టడానికి వాళ్ళ దగ్గర ఏమీ లేదు. కాన్వాయ్ గారు లేచి, ఆనాటి లారీని మనుషులతో సహా బొమ్మగా చేసిస్తానని మాటిచ్చాడు. అసలు లారీలో ముప్పయ్యైదో వంతు. అట్టపెట్టెలో బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలు వచ్చాయి. చట్రాలకు అంటుకుని చక్రాలూ తలుపులూ ఆవగింజంత బోల్టులూ. వాటిని గోళ్ళు కత్తిరించే కత్తెరతో తుంచి, గరుకు కాగితంతో రుద్ది, అతికించాలి.

దాంతో ఆ ఇంట్లో అన్నం తినే బల్ల పోయింది. నాలుగు నెలలు ఆవిడ కంచం ఒళ్ళో పెట్టుకుని తిన్నది. ముళ్ళు తీసుకునే చిమటా పోయింది, టీ వడకట్టే జల్లెడ పోయింది. టీ పొడి ఎండబెట్టి జల్లించి జిగురులో కలిపితే చక్రాలకు అంటిన బురదలా ఉంటుందట. ఇంట్లో బురద తుడిచే ఆడదాన్ని పక్కన పెట్టుకుని బురద తయారుచేసిన మగవాణ్ణి ఆవిడ మొదటిసారి చూసింది.

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. పంపుహౌసు బుద్ధి ఎక్కడికి పోతుంది. వెనక తలుపుకు గొలుసు ఎన్ని లంకెలో, ఎడమ మడ్గార్డు మీద సొట్ట ఎంతో, అన్నీ ఉన్నవి ఉన్నట్టే. టైలరు చూడ్డానికొచ్చి చక్రానికి ఆరు బోల్టులు కదా అంటే, అయిదే, ఒకటి ఆ ముందురోజే ఊడిపోయిందని చెప్పి తాను పీకేసిన చోటు చూపించాడు.

పెట్టెతో పాటు బొటనవేలంత మనుషులు నలుగురు వచ్చారు. డ్రైవరు, పక్కన మ్యాపు పట్టుకున్న ఆఫీసరు, వెనక తుపాకులతో ఇద్దరు జవాన్లు. డ్రైవరుకు ఈయన తన ముక్కే పెట్టుకున్నాడు, తన బుగ్గమీది మచ్చే మూడు వెంట్రుకల కుంచెతో దిద్దుకున్నాడు. ఆ బొమ్మల్లో క్యాబిన్ పైకప్పు ఆఖర్న అతికిస్తారు. మనుషుల్ని కూర్చోబెట్టాకే కప్పు. ఒకసారి అంటిందంటే ఇక లోపలివాడు లోపలే. లోపలివాడు కనపడకపోతే ఎలాగని ఈయన డ్రైవరు తలుపు మాత్రం తెరిచి అతికించాడు. ఎడమకాలిని మోకాలి దగ్గర కోసి, ముందుకు చాచి, పెడలు మీద ఠీవిగా ఆనించాడు.

హాలు ప్రారంభ సభ ఇంకా నాలుగు రోజులుందనగా సంఘం నుంచి ఫోను వచ్చింది. ఆ పటాలంలోని పాత డ్రైవరు ఒకాయన దూరపు ఊరి నుంచి సభకు వస్తున్నాడనీ, ముందుగా ఇంటికే వచ్చి చూసి పోతాడనీ. కాన్వాయ్ గారు ఫోను పెట్టేశాడు. లారీని తీసి బీరువా మీద పెట్టి దుప్పటి కప్పాడు. వచ్చిన మనిషిని ఎక్కువ మాట్లాడించొద్దని ఆవిడతో రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లు చెప్పకపోతే ఆవిడ మరిచిపోయి ఉండేదేమో.

మర్నాడు పొద్దున వచ్చాడు ఆ డ్రైవరు. పొడుగాటి మనిషి, ఒక చెవి వినపడదు. మొగుడు పంచదార కోసం పక్కగదిలోకి వెళ్ళిన క్షణంలో ఆవిడ కుర్చీ ఎక్కి లారీని దింపి ఆయన ముందు పెట్టింది. మా ఆయన చేతిపని చూడండన్నయ్యా అంది.

డ్రైవరు కళ్ళజోడు పెట్టుకుని చుట్టూ తిప్పి చూశాడు. సొట్ట చూసి నవ్వాడు. ఊడిన బోల్టు చూసి, వీడికి ఇదీ గుర్తుందా అన్నాడు. తెరిచిన తలుపులోంచి లోపలికి చూసేసరికి నవ్వు ఆగింది.

"దిగుడులో క్లచ్ తొక్కి కూర్చున్నాడేంటి వీడు? క్లచ్ తొక్కితే ఇంజను బండిని పట్టదు, లోయలోకే. ఎవడమ్మా ఈ డ్రైవరు?"

"అదేంటన్నయ్యా, ఆయనే కదా. ఆ రోజు నడిపింది ఆయనే కదా."

పంచదార డబ్బాతో కాన్వాయ్ గారు గుమ్మంలో నిలబడిపోయాడు. డ్రైవరు ఆయన్ని చూశాడు, ఆవిణ్ణి చూశాడు, మళ్ళీ బొమ్మను చూశాడు. పాపం, అబద్ధమాడడం రాని మనిషి. అవునవును అన్నాడు గానీ ఆ రెండు అవునుల మధ్య లారీ పట్టేంత సందుంది.

"పోనీలేరా," అన్నాడు చివరికి. "నువ్వే కూర్చో. నాకేం పోయింది, నేనెవరితోనూ అనను. ఆ కాలొక్కటి తీసెయ్. వచ్చేవాళ్ళలో సగం మంది డ్రైవర్లు, నవ్విపోతారు."

"మరి ఈయన ఎక్కడున్నాడన్నయ్యా ఆ రోజు?" అని ఆవిడ అడిగింది.

డ్రైవరు చెప్పక తప్పలేదు. లారీ వెనక, పడుకోబెట్టిన వాళ్ళ మధ్య, సూపు గుండిగ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడట. మెస్సులో వంటవాడు కదా. పదకొండేళ్ళూ రెండు వందల మందికి రెండు పూటలా ఆయనదే వంట. మలుపు మలుపుకూ క్యాబిన్ వెనక కిటికీ మీద గరిటెతో కొట్టి, మెల్లగా పోవయ్యా, ఒలుకుతోంది, నీ తాత సొమ్మా అని తిట్టాడట. పైన కొండ విరిగి పడుతోంది, కింద లోయ, ఈయనకు సూపు. సగం ఆయన కాళ్ళ మీదే ఒలికి బొబ్బలెక్కాయి. మిగిలిన సగం పద్నాలుగు మందికీ తలా అర మగ్గు వచ్చింది. డ్రైవరు ఇదంతా నవ్వుతూ చెప్పి, నవ్వేవాళ్ళు ఎవరూ లేరని చూసుకుని, టీ తాగకుండానే లేచాడు.

డ్రైవరు వెళ్ళాక ఆవిడ తాగని టీ కప్పు తీసి పక్కన పెట్టింది. వదినలు గుర్తొచ్చారు. ముప్పయ్యేళ్ళ పెళ్ళిళ్ళు గుర్తొచ్చాయి. కానీ ఆవిడకు మండింది అందుకు కాదు.

"రెండు వందల మందికి," అంది.

మొగుడు పంచదార డబ్బా మూత తీసి పెట్టాడు, పెట్టి తీశాడు.

"నాకు టైఫాయిడ్ వచ్చి ఇరవై రోజులు మంచమెక్కితే హోటలు నుంచి తెచ్చి పెట్టారు. మంచి మనిషి, వంట రాకపోయినా పస్తు పెట్టలేదని అందరికీ చెప్పుకున్నాను. ముప్పయ్యేళ్ళు నేను పొయ్యి దగ్గర నిలబడితే కుర్చీలో కూర్చుని ఇందులో ఇది తక్కువ, అందులో అది ఎక్కువ అన్నారు. డ్రైవరు కదా, తెలీక అంటున్నాడని ఊరుకున్నాను. తెలిసే అన్నారా?"

ఆయన నసిగాడు. మొదట్లో టైలరే, లారీలో వచ్చారా అని అడిగాడట. అవునన్నాడు. మీరే నడిపారా అన్నాడట. ఊ అన్నాడు. ఆ ఒక్క ఊ తరువాత వంటింట్లోకి ఎలా అడుగు పెట్టను, గరిటె పట్టుకున్న చెయ్యి చూస్తేనే తెలిసిపోదా అన్నాడు. ఒక ఊ కోసం ముప్పయ్యేళ్ళు పెళ్ళాన్ని పొయ్యి ముందు నిలబెట్టిన మనిషి ఆయన. ఆవిడ లేచి లోపలికి పోయింది.

ఆ మధ్యాహ్నం బల్ల దగ్గర కత్తి చప్పుడు వినపడుతూనే ఉంది. కాలు తీసేసుకుంటున్నాడు కాబోలు, ఇక ఏ డ్రైవరూ వంక పెట్టలేని అబద్ధం తయారవుతోంది అనుకుంది ఆవిడ. ఇంతలో ఫట్‌మని శబ్దం. తొంగి చూస్తే క్యాబిన్ పైకప్పు రెండు ముక్కలై బల్ల మీద ఉంది. ఆయన చిమటాతో తన తల తాను పీక్కుంటున్నాడు.

వంటవాడి బొమ్మను పోతపోసి అమ్మే కంపెనీ ఎక్కడా లేదు. అందుకని వెనక కూర్చున్న జవాను తుపాకీ కోసేసి, వాడి మెడ మీద తన తల పెట్టి, మందుసీసా మూతను గుండిగ చేసి ఒళ్ళో పెట్టాడు. ఆఫీసరు తల డ్రైవరుకు పోయింది, ఎడమకాలు పెడలు మీంచి వెనక్కి వచ్చింది. తల పోయిన ఆఫీసరును డబ్బాలో పడేశాడు. ఆ రోజు లారీలో ఆఫీసరెవరూ లేడట, ఉంటే రోడ్డు తెలిసేదట. ఇదంతా చేసి, పల్చటి కాగితం జిగురులో తడిపి లారీ వెనక నాలుగు పక్కలా కప్పేశాడు. టార్పాలిన్. వంటవాడు లోపల కూర్చున్నాడు, ఈగ కూడా చూడ్డానికి లేదు.

ఎందుకు కప్పారని ఆవిడ అడిగింది. ఆ రోజు టార్పాలిన్ కట్టే ఉంది, ఉన్నది ఉన్నట్టు చేయాలి కదా అన్నాడు. నిజం చెప్పినట్టూ అయింది, ఎవరికీ వినపడనట్టూ అయింది.

సభనాడు హాలు నిండింది. టైలరు కొత్త చొక్కా వేసుకుని రెండో వరసలో కూర్చున్నాడు. అధ్యక్షుడు చీటీ చూసి చదివాడు. ఈ లారీని చేసినవారూ, ఆనాడు దీన్ని నడిపి పద్నాలుగు ప్రాణాలు కాపాడినవారూ ఒకరే అని. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది ఆ పొడుగాటి డ్రైవరు. మాటిచ్చాడు కదా, రెండు చేతులూ ఎత్తి మరీ కొట్టాడు. ఆవిడ గోడకేసి చూస్తూ కూర్చుంది.

కాన్వాయ్ గారు దండ వేయించుకోవడానికి లేచాడు. మెడ వంచాడు. ఆ వంచిన మెడతోనే చప్పట్లు కొడుతున్న చేతుల్ని చూశాడు. నలభై మైళ్ళు స్టీరింగు పట్టుకున్న చేతులు అవి. దండ పట్టుకొచ్చిన మనిషిని ఆపాడు.

"చీటీలో తప్పుంది," అన్నాడు. "నడిపింది అదిగో, ఆయన. నేను వెనకున్నాను. వంటవాణ్ణి."

చప్పట్లు కొట్టేవాళ్ళకు ఎక్కడ ఆపాలో తెలియలేదు. టైలరు లేచి, వెనక ఎక్కడండీ, ఎవరూ కనపడరే అన్నాడు, ఇప్పటికైనా మాట మారుస్తాడేమోనన్నట్టు. ఈయన గుమ్మం దాకా నడిచి అద్దాల పెట్టె తెరిచి, టార్పాలిన్‌లో వేలు గుచ్చి పర్రున చింపాడు. నలుగురు వంగి చూశారు. బొటనవేలంత మనిషి, ఒళ్ళో గుండిగ, ఎవరినో తిడుతున్నట్టు తెరిచిన నోరు. ఎవరో కిసుక్కుమన్నారు. వంటవాడా అని ఇంకెవరో అన్నారు. దండ డ్రైవరు మెడలో పడింది. ఆయన అది తీసి ఈయన మెడలో వేస్తాడేమోనని ఆవిడ చూసింది. వేయలేదు. ఎందుకు వేయాలి, అది ఆయనదే.

టైలరు వారం రోజులు పలకరించలేదు. ముప్పయ్యేళ్ళు మిషను ఆపి విన్నందుకు ఆయన బాధ ఆయనది. పెద్దవదిన ఫోను చేసి, ఏదో విన్నామే అని సాగదీసింది. విన్నది నిజమే వదినా, మీ ఆయన మీ ఇంట్లో ఒక్కరోజైనా పొయ్యి వెలిగించాడా, కనుక్కుని చెప్పు అని ఆవిడ ఫోను పెట్టేసింది.

సభ మర్నాడు పొద్దున ఆవిడ వంటింట్లోకి పోలేదు. ముందుగదిలో ఆయన కుర్చీలో, ఆయన పేపరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆవిడకు చదువు అంతగా రాదు, బొమ్మలు చూసింది. ఆయన కాసేపు గుమ్మంలో నిలబడి, ఉల్లిపాయలు ఎక్కడ పెడతావని అడిగాడు. ముప్పయ్యేళ్ళుగా ఉన్నచోటే అంది. లోపల కత్తి ఆడింది. అది ఆవిడ కత్తి చప్పుడు కాదు. ఆగకుండా, తడుముకోకుండా, ఒకే వేగంతో ఆడుతోంది. ఆ చప్పుడు వింటుంటే ఆవిడకు మళ్ళీ మండింది.

ఖాళీ అయిన బల్ల మీద కంచం పెట్టి వడ్డించాడు. పదిమందికి సరిపడా వండాడు. ఆవిడ తింది. రెండోసారీ పెట్టించుకుంది. ఆయన పక్కనే నిలబడి మొహంలోకి చూస్తున్నాడు. ఆవిడ చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, సాయంత్రానికి ఏమిటని అడిగింది. బాగుందని చెప్పే ఉద్దేశం ఆవిడకు ఆ ఏడాదికి లేదు.