దవడల దారి

మా పెద్దత్త పోస్టాఫీసులో కవర్ల మీద ముద్రలు కొడుతుంది. అంతకుముందు ఇరవై రెండేళ్లు సైకిలు మీద ఉత్తరాలు పంచింది. మోకాళ్లు మొరాయించాక కౌంటరు వెనక కూర్చోబెట్టారు. ఆమె తిరిగిన బీటు ఐదు చెరువుల చుట్టూ ఉంటుంది. నేల అరచేతిలా చదును. గుర్తు పెట్టుకోడానికి గుట్ట లేదు, గోపురం లేదు. నీళ్లు, రెల్లు, కంకర దారి, మళ్లీ నీళ్లు. అందుకని దారి తప్పకుండా తనే పేర్లు పెట్టుకుంది. సంతకం పెట్టమంటే అరగంట కళ్లద్దాలు వెతుక్కునే ముసలాయన ఉన్నది అద్దాల చెరువు. రిజిస్టరు ఉత్తరం అంటే చాలు తలుపు తీయనివాళ్లది రేపురా చెరువు. సరిగ్గా సగం దూరంలో, మూడో చెరువుకీ నాలుగో చెరువుకీ మధ్య, ఆరు కిలోమీటర్లు సైకిలు తొక్కితే పళ్లు టకటకలాడతాయి. అది దవడల దారి.

ఆ పేర్లు ఏ కాగితం మీదా లేవు. సాయంత్రం కాళ్లు చాపుకుని కూర్చుని ఆమె కబుర్లు చెబుతుంటే మేం వినేవాళ్లం. అందరికంటే శ్రద్ధగా విన్నది చిన్నత్త.

ఇద్దరూ తోడికోడళ్లు, మా మేనమామల భార్యలు. ఒకే గోడకి అటూ ఇటూ కాపురాలు. చిన్నత్త మాట మంచిది. పెద్దత్తని అడిగితే, "దాని నాలిక మీద చక్కెర డబ్బా ఉంది, మూత పెట్టదు" అంటుంది.

లావు టైర్ల సైకిళ్లేసుకుని కంకర దారులు వెతుక్కుంటూ జనం మా వైపు రావడం మొదలయ్యాక చిన్నత్త మేడ మీది గది అద్దెకిచ్చింది. వాళ్లు దారి అడిగితే చెప్పేది. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఒక పటం గీసింది. ఎవరో దాన్ని ఫోన్లలో తిప్పారు. ఏడాది తిరిగేసరికి ఆవిడ 'చెరువుల చిన్నమ్మ' అయిపోయింది. ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి పక్కన నిలబడి ఫొటోలు తీయించుకునేవారు. పెద్దత్త తిరిగిన ఇరవై రెండేళ్లూ ఆమెని చూస్తే మాత్రం "పోస్టొచ్చింది" అనేవారు. మనిషి వచ్చిందని ఎవరూ అనలేదు.

ఒక మంగళవారం చిన్నత్త నలభై కవర్లతో కౌంటరు దగ్గరికొచ్చింది. సెలవులకి వచ్చిన నేను లోపల, గమ్ము సీసా పక్కన కూర్చుని పుస్తకం చదువుకుంటున్నాను.

"ఆదివారం నలభై మంది వస్తున్నారక్కా. నేనే ముందుండి తిప్పాలట. పటాలు ముందే పంపిద్దామని. ఇదిగో, నీకొకటి."

పెద్దత్త విప్పింది. నేనూ తొంగిచూశాను. అద్దాల చెరువు. రేపురా చెరువు. దవడల దారి, పక్కనే ఇకిలిస్తున్న దవడ బొమ్మ. కింద మూలన, 'గీత, రాత: చెరువుల చిన్నమ్మ'.

"బొమ్మ బాగుంది," అంది పెద్దత్త. "దవడ ఎవరిది?"

"మీ మరిదిదే. నిద్రపోతుంటే చూసి గీశాను."

పెద్దత్త నవ్వలేదు. నలభై కవర్లకీ బల్ల అదిరేలా ముద్ర కొట్టింది. లోపలి గదిలోంచి పోస్టుమాస్టరు లేచొచ్చి, "ఏమ్మా, బల్లని కూడా పంపిస్తున్నామా?" అన్నాడు.

చిన్నత్త వెళ్లాక పెద్దత్త పటాన్ని నా ముందుకి తోసింది. "బాణాలు చూశావా అమ్మడూ? కుడికి తిప్పింది. నేనెప్పుడూ ఎడమకే బయల్దేరేదాన్ని. పదింటికల్లా గాలి లేస్తుంది. ఎడమకి తిరిగితే దవడల దారిలో గాలి వీపు మీదుంటుంది. కుడికి తిరిగితే మొహం మీదుంటుంది. పైగా పోయిన వారమే అక్కడ కొత్త కంకర పోశారు. ఇప్పుడు బీటుకెళ్లే ఆయన దిగి నడిపించుకుంటూ వస్తున్నాడు."

"చెప్పొద్దా మరి?"

"నన్నడిగిందా?" పటాన్ని నాలుగు మడతలు పెట్టి సొరుగులో పడేసింది. "పేర్లు తీసుకుంది కదా. గాలి కూడా తీసుకోనీ."

నేను కూడా చెప్పలేదు. నాకు నోరు తక్కువ. నిజం చెప్పాలంటే, ఏమవుతుందో చూడాలనీ ఉంది.

ఆదివారం చిన్నత్త వాకిట్లో తిరిగొచ్చేవాళ్ల కోసం బల్లలు వేశారు. సాయం చేస్తానని పెద్దత్త పొద్దున్నే వచ్చి కూర్చుంది. దారి బాగా కనబడాలని మూడుసార్లు కుర్చీ మార్చింది. పదింటికి ఆరేసిన బట్టలు కదిలాయి. "లేచింది," అంది, ఎదురుచూస్తున్న చుట్టం బండి దిగినట్టు.

పన్నెండుకి రావలసినవాళ్లు రెండున్నరకి వచ్చారు. ఒక్కరికీ మొహం లేదు, దుమ్మే. ముందు చిన్నత్త, జుట్టంతా రేగిపోయి. పెద్దత్త లేచి నిలబడింది. జాలి పడటానికి మొహం సిద్ధం చేసుకుంది.

"పాపం, ఏమైంది? దిగి నడిచారా?"

"నడిచాం, పడ్డాం కూడా," అన్నాడు ఒక పొడుగాటాయన. గీరుకుపోయిన మోచేతిని బహుమతిలా చూపించాడు. ఆయన పళ్ల డాక్టరట. "ముప్పై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల పళ్లు చూస్తున్నానండీ. నావి ఎన్నున్నాయో ఇవాళే లెక్క తేలింది. ఆ ఎదురుగాలీ, ఆ వదులు కంకరా! ఇలాంటిదాని కోసమే మేం ఎక్కడెక్కడికో పోతాం."

మిగతావాళ్లు తలలూపారు. వచ్చే ఏడాది కూడా కుడి నుంచే తిప్పమని ఒకామె బతిమాలింది. పెద్దత్త మళ్లీ కూర్చుంది. ఉత్తరం చేర్చాల్సినవాళ్లకి ఎదురుగాలి పగవాడు. వీళ్లకి చేర్చాల్సిందేమీ లేదని ఆమెకి తట్టనే లేదు.

"ఇంతకీ ఆ పేర్లు ఎవరు పెట్టారండీ?" డాక్టరు అడిగాడు.

చిన్నత్త నీళ్లు తాగుతున్నదల్లా గ్లాసు దించి పెద్దత్త భుజం మీద చెయ్యేసింది. "ఇంకెవరు, మా అక్క. ఇరవై రెండేళ్లు ఆ గాలిలోనే ఉత్తరాలు పంచింది. నేను కాగితం మీదకి ఎక్కించానంతే. కింద తన పేరు వేద్దామనుకున్నా, కసురుతుందని భయపడి అడగలేదు."

నలభై మందీ చప్పట్లు కొట్టారు. పెద్దత్త పెదాలు బిగించి నవ్వింది. డాక్టరు చిన్నత్త వైపే చూస్తూ, "ఎంత మంచి మనసండీ మీది," అన్నాడు.

ఇంటికొచ్చాక పెద్దత్త చెప్పులు చెరో మూలకీ విసిరింది.

"విన్నావా? పేర్లు నావని చెప్పినందుకు, ఆ మంచి పేరు కూడా దానికే వచ్చింది."

"నిజమే చెప్పింది కదత్తా."

"అదే నా ఏడుపు. అబద్ధం చెప్పి ఉంటే హాయిగా తిట్టుకునేదాన్ని."

సాయంత్రం గోడ మీదుగా చిన్నత్త తల కనబడింది. "అక్కా, ఐదో చెరువు అవతలి గట్టు కూడా పటంలో కలపమంటున్నారు. ఈసారి నీ పేరు పైన వేస్తాను. ఆ గట్టుని నువ్వేమనేదానివి?"

పెద్దత్త తీగ మీది బట్టలు తీస్తోంది. ఒక దుప్పటి మడత పూర్తి చేసింది.

"గట్టు అనేదాన్ని."

"అంతేనా?"

"అంతే."

చిన్నత్త తల గోడ వెనక్కి దిగిపోయింది. లోపలికి వచ్చాక పెద్దత్త నా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, "దానికి పేరుంది," అంది.

"ఏమిటత్తా?"

చెప్పబోయి ఆగింది. నా మొహం చూసింది, ఒళ్లో ఉన్న నోటుబుక్కూ చేతిలో ఉన్న పెన్నూ చూసింది.

"నువ్వూ రాసేదానివే. చెప్పను."