నిలవడి వస్తం

నేను బాన్సువాడ–పిట్లం బస్సులో కండక్టర్‌ని. నిరుడు ఢిల్లీలో చెల్లెలికి ఆపరేషన్ ఉంటే, అమ్మను తీసుకుని మొదటిసారి విమానాశ్రయానికి వెళ్లాను.

"సీట్లకన్నా ఎక్కువ టికెట్లు అమ్ముతాం సార్, కొందరు రారు కదా. ఇవాళ అందరూ వచ్చారు. మిమ్మల్ని రేపు పంపిస్తాం" అంది కౌంటర్‌లో అమ్మాయి.

ఆపరేషన్ రేపు పొద్దున్నే.

అమ్మ ముందుకు వంగి, "నిలవడి వస్తం బిడ్డా. జర సర్దుకొమ్మని చెప్పు" అంది. వెనక వరుసంతా నవ్వింది. నేను తల దించుకున్నాను.

మేము చేరేసరికి ఆపరేషన్ అయిపోయింది. లోపలికి తీసుకెళ్లేముందు చెల్లెలు అమ్మ కోసం రెండుసార్లు అడిగిందట.

మా బస్సులో యాభై సీట్లకు తొంభై మందిని ఎక్కిస్తాను, తిట్లు తింటాను. టికెట్ కొట్టాక మాత్రం ఒక్కరినీ కింద వదిలి రాలేదు.