ఆగిపోయిన పెద్దమ్మ చెయ్యి

ఫోటోలో ఏదో ఒకటి కదలకపోతే జనం తలెత్తి చూడరని నేను గట్టిగా నమ్మిన రోజులవి. రావులపాలెంలో ఒక ఫోటో స్టూడియోలో చేరి మూడు నెలలైనా, నేను తీసిన ఫోటో ఒక్కటీ ఓనరుగారికి నచ్చలేదు. (నాకూ నచ్చలేదు, అది వేరే సంగతి.) "ఈ వారంలో పనికొచ్చేది ఒక్కటైనా చూపించవయ్యా, లేదంటే మీ ఊరెళ్ళి కొబ్బరికాయలు వలుచుకో" అన్నారాయన. ఉద్యోగం పోతే ఇంట్లో మొహం ఎలా చూపించాలో తెలియక ఏడుపొచ్చింది. సరిగ్గా అప్పుడే ఫోనులో ఒక విద్య కంటపడింది. చిన్న వీడియో తీసి, అందులో ఒక్కదాన్ని కదలనిచ్చి, మిగతాదంతా ఫోటోలా ఆపేయాలి. ఆ కదలిక చివరను మొదలుకు అతికిస్తే ఇక తిరుగుతూనే ఉంటుంది.

ఆత్రేయపురంలో మా పెద్దమ్మ నలభై ఏళ్లుగా పూతరేకులు తీస్తోంది. అక్కడికెళ్ళి కెమెరా పెట్టాను. పల్చటి పిండిలో ముంచిన గుడ్డను ఆవిడ వేడి కుండ మీద పరిచిన క్షణం దగ్గర ఆవిణ్ణి ఆపేసి, కింద మంటనూ పైన పొగనూ మాత్రం కదలనిచ్చాను. ఓనరుగారు మొదటిసారి నవ్వారు. పెద్దమ్మ దగ్గర రేకులు కొనే ఆ ఊరి మిఠాయి కొట్టు టీవీలో దాన్ని పెట్టించారు కూడా.

మర్నాడే కొంప మునిగింది. ఆ ఊరివాళ్ళు రేకు తీయడం చూస్తూ పెరిగినవాళ్ళు. "గుడ్డ వేసి అలా ఉంచేసిందేంటండీ? వెంటనే లాగెయ్యకపోతే రేకు మాడి బొగ్గయిపోదూ?" అందట ఒకావిడ. "కింద మంట చూడు, ఎలా మండుతోందో" అన్నాడట వాళ్ళాయన. సాయంత్రానికల్లా "చేతికేమైందండీ, పక్షవాతమా?" అంటూ పెద్దమ్మకు పరామర్శలు. కొట్టువాడు బెదిరిపోయి రేకులు వేరేవాళ్ళ దగ్గర తీసుకున్నాడు. "పొగను కదిలించి చెయ్యి ఆపావేంటయ్యా!" అని ఓనరుగారు నన్ను ఇంటికి పంపేశారు.

వెళ్ళి పెద్దమ్మ కాళ్ళ మీద పడ్డాను. తిట్టలేదు. తిడితే బాగుండేది. "కూర్చుని చూడరా" అని గుడ్డ వేసింది, తీసింది, రేకు చేతికొచ్చేసింది. "ఇందులో ఎక్కడ ఆపుతావు?" అంది. ఇంకో పది రేకులు తీసి చూపించింది. ఆపే చోటు నాకు దొరకలేదు. రెండు వారాలకు కొట్టువాడు ఆవిడ గుమ్మంలోకి మళ్ళీ వచ్చాడు. నా ఉద్యోగం మాత్రం రాలేదు.

ఇప్పుడు కాకినాడలో నాకో చిన్న స్టూడియో ఉంది. అలాంటి ఫోటో తీసే ముందు "ఇందులో ఏది ఆగినా ఫరవాలేదండీ?" అని అడుగుతాను. (పెళ్ళికొడుకులు తెల్లమొహం వేస్తారు.) ఆ ఒక్క ముక్క ఆనాడు పెద్దమ్మను అడగాలని నాలోని ఆ కుర్రాడికి తోచలేదు. ఎదురుగా నలభై ఏళ్ల పనితనం కూర్చుని ఉంటే, పాపం, వాడికి పొగ అందంగా కనిపించింది.