పదింటి దాకా లేవని వంశం

మా ముత్తాత పదకొండు ఊళ్లకు పెద్ద. తాత ఇంద్రావతి నది మీద టేకు దుంగలు తేల్చి పంపిన గుత్తేదారు. ఎవరు వచ్చినా ఆయన కుర్చీలోంచి లేచేవాడు కాదని మా ఊరు భోపాలపట్నంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నా వంతుకు మిగిలినవి బస్టాండు పక్కన ఒక కిరాణా దుకాణం, నిటారుగా నిలిచే నా వెన్ను. నాకు ఇరవై ఆరేళ్లున్న ఆ రోజుల్లో వెన్నునే పెద్ద ఆస్తి అనుకునేవాణ్ణి.

ఒక వానాకాలం మొదలుకొని పొద్దున్నే రెండు చేతుల వేళ్లూ ఉబ్బి బిగుసుకుపోయేవి. పిడికిలి పట్టదు, చొక్కా గుండీ పడదు, మోకాళ్లు మాట వినవు. పది దాటితే మెల్లగా వదిలేవి. సాయంత్రం క్యారమ్స్ కూడా ఆడేవాణ్ణి. (అందుకే అది రోగమంటే నాకే నమ్మకం కుదరలేదు. రోగానికి ఆఫీసు వేళలుంటాయా?) ఒకనాడు పొద్దున కొత్త తహసీల్దారు దుకాణానికి వచ్చాడు. లేద్దామని నిజంగానే ప్రయత్నించాను, లేవలేకపోయాను. దండం పెడదామంటే వేళ్లు కలవలేదు. తల ఊపి ఊరుకున్నాను. ఆయన ముఖం ముడుచుకుని వెళ్లిపోయాడు. ఎదుట బండి మీద పాన్ ఠేలా నడిపే మనిషి పొంగిపోయాడు. "అచ్చం తాత పోలికే! సర్కారుకు గూడ లేవలే!" నేను నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. మూడు నెలలు ఆ గౌరవం అనుభవించాను. సాయంత్రాలు చకచకా నడుస్తాను గనుక ఊళ్లో నాకు 'పొద్దుటి దొర' అని పేరు పడింది. నన్ను పెంచిన మేనత్తయితే "లేవకు బిడ్డా, మనోళ్లు లేవరు" అని దిష్టి తీసింది.

చివరికి దుకాణం తాళం తిప్పలేక జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి వెళ్లాను. డాక్టరమ్మ బచేలి గనుల కాలనీలో పెరిగిన తెలుగావిడ. వేళ్లు నొక్కి చూసి, రక్తపరీక్షల కాగితం చదివి, "ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందాండీ?" అంది.

"మా వంశంల రోగాలు లేవమ్మా," అన్నాను నిటారుగా కూర్చుని. "మా తాత పదింటి దాకా ఎవరికీ కనపడేటోడు గాదు. ఎవరికీ లేచేటోడు గాదు. దండం గూడ తలతోనే."

ఆమె కలం ఆగింది. "ఆయన చేతివేళ్లు ఎలా ఉండేవి?"

"ఫొటోల శాలువ కప్పుకున్నడు."

"ఆయన సంగతి నేను చెప్పలేనండి. మీది మాత్రం కీళ్లవాతం. అరుగుదల కాదు, ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే దారితప్పి కీళ్ల మీద పడుతోంది. ఆలస్యం చేస్తే వేళ్లు వంకరపోతాయి, మళ్లీ తిన్నగా రావు. ఈ మందు వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది."

బస్సులో దారిపొడుగునా నాకు ఒకటే అయోమయం. నాది రోగమైతే తాతది ఏమిటి? తాతది దర్జా అయితే నాకు మందెందుకు? మేనత్తకు అలాంటి అనుమానాలేమీ లేవు. "మా నాయనకు రోగమా? గది దర్జా! నువ్వు గోలీ మింగితే ఆయన్ని రోగిష్టోడన్నట్టే. అయినా వారానికొక్కనాడు ఏందిరా, అది మందా ఉపాసమా?" వంశం పరువు కోసం మాత్రలు అలమరాలో పెట్టేశాను.

రెండు సంతలు గడిచాయి. మూడో సంత నాటి పొద్దున రెండు చేతులతో పట్టుకున్నా చాయ్ గ్లాసు జారి పగిలింది. అత్త నా వేళ్ల వంక చాలాసేపు చూసింది. లోపలికి వెళ్లి గోరువెచ్చని నీళ్ల గిన్నె తెచ్చి, ఏళ్ల అలవాటున్నట్టు నా చేతులు అందులో మెల్లగా ముంచింది.

"ఇది నీకెట్ల తెలుసు అత్తా?"

"మా అమ్మ రోజూ పదింటి దాకా నాయన చేతులు గిట్లనే పెట్టేది," అంది తల ఎత్తకుండా. "ఎవరన్న వస్తే 'దొర పూజల ఉన్నడు' అని వాకిట్ల జెప్పేది నేనే." నా చేతులు కొంగుతో తుడిచి, "గోలీలు ఏడ పెట్టినవ్? ఇయ్యాల సంతే గదా, వారం వారం యాదికుంటది," అంది.

అప్పటినుంచి సంత రోజే నా మందు రోజు. గుణం కనపడటానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు బస్సు వేళ అడగడానికి వచ్చినవాడికి కూడా లేచి నిలబడతాను, రెండు చేతులూ జోడిస్తాను. "ఇజ్జత్ తీసినవ్ దొరా," అంటాడు పాన్ ఠేలా మనిషి. మా దర్జాలో నెత్తురెంతో, కీళ్లెంతో నాకు ఈనాటికీ తేలలేదు. లేవలేకపోవడాన్ని లేవకపోవడమని ఊరిని నమ్మించి, చివరికి తానే నమ్మేసిన ఆ కుర్రవాడు మాత్రం గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా. జగదల్‌పూర్ ప్రయాణాలకూ పరీక్షలకూ ఆ ఏడాదే బీజాపూర్ రోడ్డు పక్కన అత్త పేర ఉన్న రెండెకరాల మడి అమ్మేశాం.