సగం బెజ్జం ఉన్న గొడ్డలి

మా ఇంట్లో ఉన్న గొడ్డలి మొద్దులు చీల్చేది. దాన్ని మోస్తూ రోజంతా గొర్రెల వెనక నడిస్తే సాయంత్రానికి భుజం పడిపోతుంది. తొంభైల చివర్లో ఒక ఏడు వాన మొహం చాటేసింది. నాయనకు మోకాళ్ళు వాచాయి. మందను తోలుకుని విడపనకల్లు అవతలి నల్లరేగడి చేల వైపు మొదటిసారి నేనే వలస పోవలసి వచ్చింది. పగలంతా మేపాలి, పొద్దుగూకక ముందే ఏదో ఒక చేలో దిగి, ముళ్ళకంప నరికి గొర్రెపిల్లల చుట్టూ దొడ్డి కట్టాలి. అటువైపు తోడేళ్ళ బెడద. దొడ్డి గట్టిగా లేకపోతే పిల్లలు దక్కవు. అందుకే చవకలో తేలికైన చిన్న గొడ్డలి చూసుకోమన్నాడు నాయన.

సంతలో గోనెపట్టా మీద కామలు, అంటే పిడికర్రలు, లేని గొడ్డళ్ళు కుప్ప పోసి ఉన్నాయి. ఒక్కోటీ చేత్తో ఎత్తి బరువు చూశాను, రాయితో కొట్టి విన్నాను. చవకవి అన్నీ పగిలిన కుండల్లా మోగాయి. అడుగున ఒకటి మాత్రం ఖంగుమంది. లారీ కమాను పట్టాను కోసి సాగగొట్టిన గొడ్డలి అది. పట్టాకు బోల్టు దిగే బెజ్జం సగం దాని వెనక అంచున అలాగే మిగిలిపోయింది. ఆ వంక చూపించి ధర తగ్గించుకున్నాను. ఇంటికొచ్చి చూపిస్తే నాయన ఆ సగం బెజ్జంలో వేలు పెట్టి, మంచిదే ఏరినావన్నాడు. నాయన నోట మెచ్చుకోలు రావడం అంటే మాటలా!

మొదటిసారి వలస పోయేవాడి గొడ్డలికి మేనమామే కామ వేయాలని మా ఇళ్ళలో ఆనవాయితీ. ఇనుముకు పసుపు గుడ్డ చుట్టి ఇస్తాడు, మొదటి మజిలీలో దిగేదాకా విప్పకూడదు. అమ్మకు ఒక్కడే అన్న. గొడ్డలి ఆయనకు ఇచ్చొచ్చాను. బయల్దేరే రోజు పొద్దున్నే నున్నటి తుమ్మ కామ వేసి తెచ్చాడు. నాయన అందుకుని, గుడ్డ మీదనే ఒకసారి తడిమి నా చేతిలో పెట్టాడు.

మజిలీలో గుడ్డ విప్పితే బెజ్జం లేదు. మామ సానబట్టి చదును చేసి ఉంటాడనుకున్నాను. అంత వెర్రినమ్మకం నాది! నాలుగు కొమ్మలు నరికేసరికి పదును తగరం రేకులా మడుచుకుపోయింది. చీకటి పడుతోంది, ఊరు దూరం. చేతులు చీరుకుపోయేలా కంప విరిచి ఏదో దొడ్డి అనిపించాను. తెల్లారి చూస్తే ఒక మూల కంప పక్కకు పడి ఉంది. ఆ ఏటి ఈతలో పుట్టిన పిల్లల్లో సగం లేవు. తల్లిగొర్రెలు అరుస్తుంటే నేనూ కూర్చుని ఏడ్చాను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్న సామెత నాకే సరిపోయింది.

వానలు పడ్డాక తిరిగొచ్చి నేరుగా మామ ఇంటికి పోయాను. వాకిట్లో కట్టెలు కొడుతున్నాడు. చేతిలో ఉన్నది నా గొడ్డలే, సగం బెజ్జంతో సహా. ఇదేమని అడిగితే మొహంలో రంగు కూడా మారలేదు.

"ఇట్లాంటివి సంతలో వందుంటాయి అల్లుడా. నీది నువ్వే యాడో మార్చుకోనొచ్చింటావు."

నేను అరిచాను. ఇరుగుపొరుగు చేరారు. ఎవరో పిలిస్తే నాయన కుంటుకుంటూ వచ్చాడు. ఇక మామ పని అయిపోయిందనుకున్నాను. నాయన గొడ్డలి వైపు కూడా చూడలేదు.

"చిన్నోడప్పా, సంతలో మోసపోయినాడు" అన్నాడు అందరితో.

జనం నవ్వారు. చాన్నాళ్ళు ఊళ్ళో నన్ను చూస్తే చాలు, గొడ్డలి బేరం ఎట్లా చేయాలో చెప్పమనేవాళ్ళు. ఆ రోజు ఇంటికొచ్చి నాయనను నిలదీశాను.

"గుడ్డ మీద తడిమినప్పుడే తెలిసెరా నాకు" అన్నాడు. "మీయమ్మకు ఉండేది ఒగే అన్న. ఆయప్పతో చెడితే ఆమెకు పుట్టిల్లు యాడుండాది?"

తెలిసే ఆ తుప్పుముక్క నా చేతిలో పెట్టి తోడేళ్ళ వైపు పంపాడు. నాయనకు మాత్రం ఎందరు కొడుకులని? నేనూ ఒక్కణ్ణే. ఆ మాట నేను అడగకముందే ఆయన పోయాడు.