రెండు బ్యాటరీలు, ఒక మీటరు, నా పసుపు

నా చిన్నప్పుడు, నరసాపురంలో మా తాతయ్య తుమ్మితే గోదావరి అవతలి ఒడ్డున రేవు దాటించే పంటు ఎక్కబోయేవాళ్ళు శకునం బాలేదని వెనక్కి తిరిగేవారు. అంతటి మనిషినీ మాట్లాడకుండా కూర్చోబెట్టిన వస్తువు ఒకటుంది. అది మా మేనత్త ఓల్టులు కొలిచే మీటరు. పూతరేకుల డబ్బాలో పాత తువ్వాలు చుట్టుకుని పడుకునేది.

తాతయ్యకి చేపలవేట మరబోటు ఉండేది. నేను దాన్ని ఓడ అనేదాన్ని. అందులో రెండు బ్యాటరీలు. ఒకటి ఇంజిన్ స్టార్ట్ చెయ్యడానికి, రెండోది దీపాలకీ టేప్‌రికార్డరుకీ. మొదటిది నీరసిస్తే రెండోదానితో స్టార్ట్ చేసుకోవడానికి మధ్యలో ఒక స్విచ్చు. అంత ముందుచూపు మా ఇంట్లో బియ్యం విషయంలో కూడా లేదు.

ఆ కార్తీకంలో ఓడకి జబ్బు చేసింది. సెల్ఫ్ కొడితే ‘కట్’మని ఒక్క దగ్గు, ఆ తర్వాత మౌనం. స్విచ్చు రెండో బ్యాటరీకి తిప్పినా అంతే. దీపాలు మాత్రం పెళ్ళిపందిట్లోలా వెలిగేవి. డ్రైవరు పాటలు విని విని ఒక బ్యాటరీ పీల్చేశాడని, అది చాలక రెండోదాని మీద పడ్డాడని తాతయ్య తేల్చేశాడు. రేపట్నుంచి రావద్దన్నాడు. అంతర్వేది నుంచి కొత్త డ్రైవరు కోసం కబురు కూడా వెళ్ళింది.

నేను పుట్టకముందు నుంచీ ఆ బోటు నడిపినవాడు డ్రైవరు బాబాయి. క్యారియరూ తువ్వాలూ తీసుకుని రేవులో నిలబడ్డాడు.

అప్పుడు వచ్చింది మేనత్త. బస్టాండు దగ్గర బ్యాటరీలు ఛార్జింగు పెట్టే కొట్టు ఆవిడది. యాసిడ్ చుక్కలు పడీపడీ ఆవిడ చీరలన్నీ మా ఊరి లేసు అల్లికల్లా ఉండేవి. రెండు బ్యాటరీలకీ మీటరు పెట్టింది. పన్నెండున్నర ఓల్టులు, అంటే రెండూ నిండుగానే ఉన్నాయి.

“నువ్వొస్తున్నావని రాత్రే ఛార్జింగు పెట్టించి ఉంటాడు!” అన్నాడు తాతయ్య.

“ఊరికే కూర్చున్నప్పుడు అందరూ బలవంతులే నాన్నా. బరువెత్తేటప్పుడు చూడాలి,” అంది అత్త. డ్రైవరు బాబాయిని పిలిచి సెల్ఫ్ కొట్టమంది. అతను కొడుతుండగా బ్యాటరీ దగ్గర చూస్తే పదిన్నర. ఇంజిన్ని తిప్పే స్టార్టరు దగ్గర చూస్తే ఏడున్నర. మూడు ఓల్టులు దారిలో మాయం! రెండు బ్యాటరీలకీ ఒకేరోజు రోగం రాదు, రెండూ కలిసి నడిచే దారిలోనే ఏదో ఉందని గొణుక్కుంటూ ఆ దారిని ముక్కముక్కగా వెతకడం మొదలెట్టింది. మీటరు వైర్లు రెండూ ఒకే తీగకి ఆ చివరా ఈ చివరా పెట్టేది, సెల్ఫ్ కొట్టమనేది. మీటరు ముల్లు కదలకపోతే అక్కడ నష్టం లేనట్టు, లేస్తే ఆ ఓల్టులు అక్కడే పోతున్నట్టు. నేను టార్చిలైటు పట్టుకుని, ఊపిరి కూడా బిగపట్టి చూస్తున్నాను. మనుషులంతా అరుచుకుంటుంటే, అరవని ఆ ముల్లు నిజాన్ని వెతుక్కుంటూ వస్తోంది.

స్విచ్చు వెనక నట్టు దగ్గరికి రాగానే ముల్లు చివ్వున కుడివైపుకి లేచింది. కుడివైపున ఉన్నది నేను.

“అత్తా, నేనే! లోపల కూడా రాశాను!” అని బావురుమన్నాను.

దసరాకి ఆయుధపూజ అని నట్లన్నీ విప్పి, తుడిచి, నాకు బొట్లు పెట్టే పని ఇచ్చారు. అందరూ పైన పెడతారు. అమ్మవారు వెనక్కి తిప్పి చూస్తే ఏం బాగుంటుందని, నేను తీగ చివర రాగి ఉంగరానికి రెండువైపులా పసుపు ముద్ద దట్టంగా మెత్తాను. తాతయ్య తన చేత్తోనే దాన్ని బిగించేశాడు.

అత్త నట్టు విప్పింది. లోపల పసుపు, దాని మీద ఉప్పుగాలికి పట్టిన పచ్చటి చిలుము, కరెంటుకి అడ్డుగోడలా. “డ్రైవరు పాటలు కాదు నాన్నా, నీ మనవరాలి భక్తి,” అంది. నన్ను తిట్టలేదు. గరుకు కాగితం నా చేతిలోనే పెట్టి రుద్దమంది. బిగించాక సెల్ఫ్ కొడితే ముల్లు లేవలేదు, ఇంజిన్ లేచింది. ఆ చప్పుడుకి సముద్రం పది గజాలు వెనక్కి జరిగిందని నా నమ్మకం.

తాతయ్య రేవులోకి దిగి, డ్రైవరు బాబాయి అక్కడ వదిలేసి వచ్చిన క్యారియరు తీసుకుని, తనే మోసుకొచ్చి బోటులో పెట్టాడు.

“ఆయ్... పాటలు కూడా తగ్గిస్తానండి,” అన్నాడు డ్రైవరు బాబాయి, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ మీటరు ఇప్పుడు నా బీరువాలో ఉంది. దసరాకి మా కారు బ్యాటరీకి బొట్టు పెట్టేది నేనే, మూత మీద, ఒక్కటంటే ఒక్కటి. ఇంట్లో గానీ ఆఫీసులో గానీ ఎవరినైనా ‘వీడిలో పస లేదు’ అనబోతే, నా వైపుకి లేచిన ఆ ముల్లు కళ్ళముందు నిలబడుతుంది. నోరు మూసుకుని, మధ్యలో నేనేం మెత్తానో వెతుక్కుంటాను.